కారు పొగగొట్టంలోని డబ్బాను తీసివేయడం లాభమా?

కారు కొని ఐదారేండ్లు గడిచిన తరువాత యజమాని చెవిన తప్పక పడే సలహా ఒకటి ఉన్నది. "పికప్ తగ్గింది సార్, మైలేజి కూడా పడిపోయింది. కింద క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఒక డబ్బా ఉంటుంది, అదే పొగను పట్టి ఆపుతున్నది. తీసేసి మామూలు పైపు అతికిస్తే బండి కొత్తదానిలెక్క లాగుతుంది." చెప్పేవాడు అనుభవజ్ఞుడు. వినేవాడు పెట్రోలు ధర చూసి బెదిరి ఉన్నవాడు. కొద్దిపాటి పని, కొద్దిపాటి కూలి. డబ్బా ఊడివస్తుంది, దాని స్థానంలో పైపు వెల్డింగుతో అతుకుతుంది. బండి శబ్దం కొంత గంభీరంగా మారుతుంది కనుక బలం పెరిగినట్లే యజమానికి తోస్తుంది కూడా.

ఈ పని చేయదగినదా కాదా అన్న విషయమై మా అభిప్రాయాన్ని ఇక్కడ విన్నవించుకొంటున్నాము. చేయదగినది కాదనియే మా నిశ్చితాభిప్రాయం. ఐతే సలహా ఇచ్చేవారందరూ మోసగాళ్లని గాని, అడిగేవారందరూ బాధ్యత లేనివారని గాని మేము భావించడం లేదు. ఈ సలహాలో ఒక పాలు నిజం ఉన్నది, ఒక పాలు పాతకాలపు జ్ఞాపకం ఉన్నది, మిగిలినది వట్టి ప్రచారం. ఈ మూటిని వేరుచేసి చూడవలసి ఉన్నది.

కళాశాల వార్షిక సంచికలో కారు పొగగొట్టం ముచ్చట ఏమిటని కొందరు విజ్ఞులు నవ్వవచ్చును. మా విద్యార్థులలో కార్లు గల కుటుంబాలవారు కొద్దిమందియే. కార్లను బాగుచేసే కుటుంబాలవారు మాత్రం అంతకన్న ఎక్కువ. ఉదయం తరగతిలో కూర్చుండి, సాయంకాలం ఉస్తాదు చేతికింద స్పానరు అందించే పిల్లలు మాకు తెలుసును. ఆ డబ్బాను విప్పే చేతులు వారివి. రేకుల షెడ్డులో ఇంజను నడుస్తుండగా పక్కన నిలబడి ఆ పొగను పీల్చే ఊపిరితిత్తులు కూడా వారివే. కావున ఈ ప్రశ్న మాకు పరాయిది కాదు.

సోమశిలను ఉదాహరణగా తీసుకొంటాము. కొల్లాపురానికి పది కిలోమీటర్ల లోపు దూరాన, కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊరిని ఎరుగనివారు వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల ప్రాంతాలలో ఉండరు. శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో మునిగే చోటి నుండి లలితా సోమేశ్వరాలయాన్ని తరలించి ఎత్తైన చోట తిరిగి నిలిపినారు. ఆవలి ఒడ్డు వైపున ఉన్న సంగమేశ్వరం మాత్రం ఏటా నీటిలో మునుగుతూ, వేసవిలో నీరు తగ్గినప్పుడు దర్శనమిస్తూ ఉంటుంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు సోమశిల రేవుకు జనం తరలివచ్చినారు. 2024లో కేంద్ర పర్యాటక శాఖ దేశంలోని ఉత్తమ పర్యాటక గ్రామాలలో దీనిని ఒకటిగా ఎంపిక చేసింది. సోమశిల వద్ద కృష్ణపై వేయిన్నీ ఎనుబది కోట్ల రూపాయలకు పైబడిన వ్యయంతో తీగల వంతెన నిర్మాణానికి 2022 అక్టోబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. అది పూర్తియైననాడు నంద్యాల వైపు పోయే వాహనాలు ఈ ఊరి మీదుగానే పోతాయి.

ఇదంతా సంతోషించదగినదే. కాని వాహనాల దృష్టితో చూస్తే దీని అర్థం మరొకటి ఉన్నది. సెలవుదినాన నదీతీరానికి వచ్చిన కార్లు ఎండ తాళలేక ఏసీ వేసుకొని, ఇంజను ఆపకుండా రేవు దగ్గర నిలిచి ఉంటాయి. ఆ కార్ల వెనుకనే చేపలు వేయించి అమ్మే స్త్రీలు కూర్చుంటారు, పడవవారు బేరం మాట్లాడుతుంటారు, పిల్లలు తిరుగుతుంటారు. పొగగొట్టపు కొన సరిగా కూర్చున్న మనిషి మోకాలి ఎత్తున, చిన్నపిల్లవాని ముఖానికి ఎదురుగా ఉంటుంది. నది గాలి ఉన్నదిగదా అని సమాధానపడవచ్చును. గాలి స్తంభించిన మధ్యాహ్నాలు కూడా ఉంటాయి.

ఇంతకూ ఆ డబ్బాలో ఏమున్నది? అది జల్లెడ కాదు, వడపోత గుడ్డ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడనే. పొగను పట్టి ఆపే వస్తువేదో లోపల ఉన్నదనుకొంటారు. నిజానికి లోపల ఉండేది తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె. దానినిండా సన్నని గొట్టాల వంటి వేలాది రంధ్రాలు ఒక కొననుండి మరొక కొనదాకా సూటిగా ఉంటాయి. ఆ రంధ్రాల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే విలువైన లోహాలను అతిపలుచగా పూస్తారు. అన్నీ కలిపి తూచినా కొద్ది గ్రాములే. ఇంజను నుండి వచ్చే వేడి వాయువులు ఈ గోడలను తాకుతూ పోయేటప్పుడు రసాయనిక మార్పు జరుగుతుంది. ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడు ఆమ్లజనితో కలిసి కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి నీటి ఆవిరిగాను, కార్బన్ డయాక్సైడుగాను మారుతుంది. నైట్రోజన్ ఆక్సైడులు విడిపోయి, మనం పీల్చే గాలిలో నాలుగింట మూడువంతులకు పైగా ఉండే మామూలు నత్రజని అవుతాయి. లోహాలు మాత్రం ఖర్చు కావు. పెరుగు తోడు వలె తాము తక్కువ ఉండి పని ఎక్కువ చేయిస్తాయి. తోడు పాలలో కలిసిపోతుంది, ఇవి గోడనంటిపెట్టుకొని ఉంటాయి, అంతే తేడా.

ఈ పని జరగడానికి వేడి కావలెను. సుమారు రెండువందల యాభై, మూడువందల డిగ్రీల సెంటిగ్రేడు దాటితే గాని డబ్బా మేల్కొనదు. ఆ తరువాత అది చక్కగా పనిచేస్తున్నంతకాలం పై మూడు విషాలలో నూటికి తొంబై వంతులకు మించి నశింపజేస్తుంది. ఇంకొక నియమం కూడా ఉన్నది. పెట్రోలు ఒక పాలుకు గాలి పదునాలుగున్నర పాళ్లకు కొంచెం పైగా, అంటే 14.7 పాళ్లు ఉండవలెను. ఆ తూకం తప్పితే మూడు పనులూ ఒకేసారి జరగవు. అందుచేతనే డబ్బాకు ముందు ఒక ఆమ్లజని సెన్సారును అమర్చి, అది చెప్పినట్లు ఇంజను కంప్యూటరు పెట్రోలును హెచ్చించి తగ్గించే ఏర్పాటు చేసినారు. డబ్బాకు వెనుక మరొక సెన్సారు ఉంటుంది. డబ్బా పనిచేస్తున్నదా లేదా అని కాపలా కాయడం దాని ఉద్యోగం. ఈ రెండవ సెన్సారును జ్ఞాపకం ఉంచుకొనవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. అవసరం ముందున్నది.

ఈ సాధనం పుట్టుపూర్వోత్తరాలు ఆసక్తికరమైనవి. అమెరికాలోని లాస్‌ఏంజెలస్ నగరాన్ని కప్పే మసక పొగకు కార్ల పొగయే ముఖ్య కారణమని, సూర్యరశ్మి సోకి అది మరింత విషమవుతున్నదని హాగెన్ స్మిట్ అనే శాస్త్రజ్ఞుడు 1950ల ప్రారంభంలో నిరూపించినాడు. ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన యూజిన్ హూడ్రీ అనే ఇంజనీరు ఆ దశాబ్దంలోనే కార్లకు ఇటువంటి కన్వర్టరును తయారుచేసినాడు. కాని అది వాడుకకు రాలేదు. ఆనాటి పెట్రోలులో ఇంజను కొట్టుకోకుండా సీసపు సమ్మేళనం కలిపేవారు. సీసం ప్లాటినం మీద పేరుకొని దానిని చచ్చుపడేటట్లు చేసేది. 1970 నాటి అమెరికా స్వచ్ఛ వాయు చట్టం కార్ల కంపెనీల మెడలు వంచిన తరువాతనే 1975 మోడలు కార్లకు కన్వర్టర్లు వచ్చినాయి, వాటితోపాటు సీసం లేని పెట్రోలు వచ్చింది. సీసం వలన పిల్లల మెదడుకు కలిగే హానిని గురించి వైద్యులు ఎంత మొత్తుకొన్నా కదలని లోకం, ఈ డబ్బా చెడిపోతుందని తెలిసి కదిలిందంటే విడ్డూరమే. ప్రపంచంలో చిట్టచివరగా అల్జీరియా 2021లో సీసపు పెట్రోలును మానివేసింది.

మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి అయినది. అక్కడనే సీసం లేని పెట్రోలును కూడా సరఫరా చేసినారు. హైదరాబాదు ఆ నాలుగింటిలో లేదు. ఇక మహబూబ్‌నగరం జిల్లా సంగతి చెప్పవలసిన పనిలేదు. దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి నుండి మాత్రమే లభ్యమైనది. అంటే ఆ నడిమి సంవత్సరాలలో మద్రాసు కారు ఒకటి ఇటువైపు వచ్చి సీసపు పెట్రోలు పోయించుకొన్నదంటే దానిలోని కన్వర్టరు కొద్దికాలంలోనే చచ్చుబడి వట్టి బరువుగా మిగిలేది. అటువంటి దానిని ఆనాటి ఉస్తాదు తీసివేస్తే తప్పుపట్టడానికి లేదు. మేము పాతకాలపు జ్ఞాపకం అన్నది దీనినే. శిష్యుడు గురువు వద్ద విన్నాడు, ఆ శిష్యుని శిష్యుడు ఈనాడు చెబుతున్నాడు. నడుమ పెట్రోలు మారింది, కార్బ్యురేటరు పోయింది, కంప్యూటరు వచ్చింది. 2010 నాటికి భారత్ స్టేజి-3, 2017 ఏప్రిల్‌లో నాలుగు, 2020 ఏప్రిల్‌లో ఏకంగా ఆరు దేశమంతటా అమలుకు వచ్చినాయి. ఇంధనంలోని గంధకం పదిలక్షల పాళ్లలో పది పాళ్లకు దిగింది. సలహా మాత్రం మారలేదు.

ఇప్పుడు లాభం మాట చూద్దాము. బలం పెరుగుతుందా? చెడిపోని కన్వర్టరును తీసివేసినందువలన కలిగే పెంపు మామూలు కారులో నూటికి రెండు మూడు పాళ్లకు మించదు. అది కూడా ఇంజనును అత్యధిక వేగంతో తిప్పినప్పుడు మాత్రమే. కొల్లాపురం నుండి సోమశిలకు పోయే దారిలో ఇంజనును ఆ వేగంతో తిప్పేవాడు ఎవడు? పోటీ పందేలలో పరుగెత్తే కార్లకు ఆ రెండు పాళ్లే గెలుపు ఓటములు నిర్ణయిస్తాయి. వారి లెక్క వేరు. బజారుకు, పెండ్లికి, రేవుకు పోయే కారుకు ఆ లెక్క వర్తించదు.

మైలేజి పెరుగుతుందా? పెరగదు. పెట్రోలు ఎంత పోయవలెనో నిర్ణయించేది ముందు సెన్సారు. డబ్బా ఉన్నా లేకున్నా ఆ 14.7 పాళ్ల తూకాన్నే అది కాపాడుతుంది. వెనుక సెన్సారు మాత్రం గోల చేస్తుంది. డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చని ఇంజను గుర్తు వెలిగి ఇక ఆరదు. కొందరు ఆ సెన్సారును మభ్యపెట్టడానికి ఏవో ఉపాయాలు చేస్తారు, మరికొందరు దీపం మీద నల్లటేపు అంటిస్తారు. మాకు ఇది ఇంటికి కాపలా ఉన్న కుక్క నోరు కట్టి నిద్రపోవడం వలె కనబడుతుంది. రేపు నిజంగానే ప్లగ్గు సరిగా మండకపోయినా, కాయిలు చెడినా, మరొక సెన్సారు పాడైనా చెప్పవలసింది ఆ దీపమే. అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే దాని మాట వినేవాడెవడు? వేయి రూపాయలతో పోయే మరమ్మతు ఇంజను విప్పేదాకా తెలియకపోవచ్చును.

"మా బండికి తీయించిన తరువాత నిజంగానే బలం వచ్చింది" అనేవారు ఉన్నారు. వారు అబద్ధమాడడం లేదు. ఇదియే మేము చెప్పిన ఒక పాలు నిజం. వారి కన్వర్టరు మూసుకొనిపోయి ఉంటుంది. మూసుకొనిపోయిన డబ్బాతో ఇంజను, ముక్కూ నోరూ మూసిన మనిషి వలె ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఎక్కు రాదు, వేగం అందుకోదు, కిందినుండి విపరీతమైన వేడి కొడుతుంది, లోపలి దిమ్మె పగిలి ఉంటే గలగలమని శబ్దం వస్తుంది. అటువంటి దానిని తీసివేయగానే బండి లేచి కూర్చుంటుంది. సందేహం లేదు. ఐతే అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. అది ఎందుకు మూసుకొన్నది?

కన్వర్టరు తనంతట తాను చావడం అరుదు. దానిని చంపేది ఇంజనే. ఒక సిలిండరులో ప్లగ్గు మండకపోతే కాలని పెట్రోలు నేరుగా డబ్బాలోనికి వచ్చి అక్కడ మండుతుంది. ఆ వేడికి పింగాణీ దిమ్మె కరిగి ముద్దకడుతుంది. పిస్టను రింగులు అరిగి ఇంజను ఆయిలు కాలుతుంటే ఆయిలులోని భాస్వరం, జింకు లోహాల మీద పేరుకొంటాయి. హెడ్ గాస్కెటు పోయి రేడియేటరు నీరు లోపలికి చేరినా అంతే. కల్తీ ఇంధనం సరేసరి. కన్వర్టరును పీకివేసిన మెకానిక్కు రోగాన్ని వదిలి రోగం బయటపెట్టిన అవయవాన్ని కోసివేసినాడన్నమాట. మండని ప్లగ్గు మండకుండానే ఉంటుంది, కాలే ఆయిలు కాలుతూనే ఉంటుంది. మంచి ఉస్తాదు మొదట ప్లగ్గులు విప్పి వాటి రంగు చూస్తాడు, ఆయిలు ఖర్చు ఎంతని అడుగుతాడు, పైపులో ఒత్తిడి ఎంత ఉన్నదో కొలుస్తాడు, డబ్బా ముందు వెనుకల వేడిని పోల్చి చూస్తాడు. ఈ పరీక్షలకు పట్టే కాలం ఎక్కువ కాదు. మా విద్యార్థులు నేర్చుకొనదగిన విద్య ఇది. కోసి అతికించడం ఎవరైనా చేయగలరు.

ఇక ఖర్చు. ఇక్కడ మాత్రం యజమాని పక్షాన ఒక మాట చెప్పక తప్పదు. కంపెనీ కన్వర్టరు కొత్తది వేయించవలెనంటే పదుల వేల రూపాయలు అవుతుంది. పది పన్నెండు సంవత్సరాలు నడిచిన చిన్న కారు విలువలో అది పెద్ద భాగం. సోమశిలకు యాత్రికులను చేరవేసి బ్రతికే బాడుగ కారు యజమాని అంత సొమ్ము ఒక్కసారిగా ఎక్కడినుండి తేగలడు? బజారులో చౌకగా దొరికే డబ్బాలు కొన్నింటిలో లోహపు పూత నామమాత్రం. ఇది నిజమైన ఇబ్బంది. ఇంతటి ధర గల భాగాన్ని చట్టం ద్వారా తప్పనిసరి చేసిన ప్రభుత్వం, దానికి సరసమైన ధరకు నాణ్యమైన ప్రత్యామ్నాయం దొరికేటట్లు చూడవలసిన బాధ్యత కూడా తనదేనని గుర్తించవలెను. తయారీదారులు ఎక్కువ కాలం వారంటీ ఇచ్చేటట్లు చూడవచ్చును. బీద యజమానిని శిక్షతో బెదిరించి ఊరుకోవడం న్యాయం కాదు.

అదే సమయంలో ఆ బీద యజమాని మరొక లెక్క కూడా చూసుకొనవలెను. తీసిన డబ్బా ఎక్కడికి పోతున్నది? "కూలి ఏమీ వద్దు సార్, ఊరికే తీసిపెడతాను" అనే ఉదారత వెనుక ఉన్నది ఆ కొద్ది గ్రాముల లోహమే. 2021లో రోడియం ధర ఔన్సుకు ఇరవై వేల డాలర్లు దాటింది. బంగారం ధర ఆనాడు దానిలో పదోవంతుకు కూడా చాలలేదు. గుజరాతు, మహారాష్ట్రలలో రాత్రిపూట నిలిపి ఉంచిన ఈకో వ్యానుల సైలెన్సర్లు వరుసగా దొంగతనానికి గురైనది ఈ లోహాల కొరకే. దొంగలు రాత్రిపూట కష్టపడి సంపాదించేదానిని మనం పట్టపగలు చేతులారా ఇచ్చి, పైగా దండం పెట్టి వస్తున్నాము. నిజంగానే పాడైన కన్వర్టరును మార్చవలసి వస్తే పాతదానిని తిరిగి అడిగి తీసుకొనడం, దానికి విలువ కట్టించి కొత్తదాని ఖర్చులో తగ్గించుకొనడం యజమాని హక్కు.

చట్టం ఏమంటున్నదో కొద్దిగా చెప్పి ముందుకు పోతాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన రూపాన్ని యజమాని తన ఇష్టానుసారం మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షను ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి ఐదువేల రూపాయల జరిమానా లేక ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చును. వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించినవారికి 190వ సెక్షను వేరుగా ఉన్నది. భారత్ స్టేజి-4, ఆ తరువాతి పెట్రోలు కార్లు నిలిచి నడిచేటప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతానికి మించరాదు. కన్వర్టరు లేని ఇంజను నుండి వచ్చేది సాధారణంగా దానికంటె ఎక్కువే. అంటే నిజాయితీగా పరీక్షిస్తే అటువంటి కారుకు పొల్యూషన్ సర్టిఫికెట్టు రాకూడదు. వస్తున్నదంటే పరీక్ష ఎలా జరుగుతున్నదో పాఠకులు ఊహించుకొనగలరు. దానిమీద మేము ఎక్కువ చెప్పబోము.

ఆ కార్బన్ మోనాక్సైడు సంగతి మాత్రం కొంచెం విపులంగా చెప్పవలెను. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని ఎర్రకణాలు ఆమ్లజనిని పట్టుకొనే గట్టిదనం కంటె రెండువందల రెట్లు ఎక్కువ గట్టిగా దీనిని పట్టుకొంటాయి. పట్టుకొన్న తరువాత తొందరగా వదలవు. మనిషికి మొదట తలనొప్పి, తరువాత మత్తు, తరువాత మెలకువ రాని నిద్ర. కన్వర్టరును కోసి తీసిన తరువాత అతికిన వెల్డింగు సరిగ్గా కారు గచ్చు కిందనే ఉంటుంది. గుంతల దారిలో ఆ అతుకు పగిలితే శుద్ధి కాని పొగ సీట్ల కిందినుండి లోపలికి చేరవచ్చును. దూరప్రయాణం చేసి వచ్చి, రేవు దగ్గర అద్దాలు మూసి ఏసీ వేసుకొని కునుకు తీసే డ్రైవర్లు ఎందరో. కన్వర్టరు ఉన్న బండిలోనైనా అట్లా పడుకొనడం తగదు. లేని బండిలో పడుకొనడం మరింత ప్రమాదం. షెడ్డు తలుపు దగ్గరకు వేసి లోపల ఇంజను నడిపే చలికాలపు ఉదయాలను గురించి మా పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. పొగగొట్టానికి రబ్బరు గొట్టం తగిలించి బయటికి వదలడం ప్రతి షెడ్డులోను జరగవలసిన కనీసపు జాగ్రత్త.

డీజిలు బండ్ల కథ కొంత భిన్నం. భారత్ స్టేజి-6 డీజిలు కార్లలో మసిని పట్టే వడపోత, అంటే డి.పి.ఎఫ్., ఉన్నది. ఇది నిజంగానే జల్లెడ వంటిది. మసి నిండినప్పుడు సుమారు ఆరువందల డిగ్రీల వేడిలో దానంతట అదే కాల్చుకొని శుభ్రపడుతుంది. అందుకు బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవవలెను. కొల్లాపురం నుండి రేవుకు, రేవు నుండి కొల్లాపురానికి రోజంతా తిరిగే బండికి ఆ అవకాశం చిక్కదు. దీపం వెలుగుతుంది, యజమాని విసిగిపోతాడు, తీసివేయించుకొంటాడు. ఇటువంటి బండిని వారానికొకసారి నాగర్‌కర్నూలు దాకా ఆగకుండా నడిపితే చాలావరకు ఈ పీడ ఉండదు. అసలు పొట్టి ప్రయాణాలకు డీజిలు బండి కొనడమే తగని పని. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం డీజిలు పొగను 2012లో క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చిన సంగతి కూడా మరువరాదు.

కార్లు లేని మా విద్యార్థి మిత్రులు ఇంతవరకు నిశ్చింతగా చదివి ఉంటారు. వారికీ ఒక మాట ఉన్నది. భారత్ స్టేజి-6 మోటారు సైకిళ్లలో కూడా క్యాటలిటిక్ కన్వర్టరు ఉన్నది. చాలా బండ్లలో అది సైలెన్సరు గొట్టంలోనే ఇమిడి ఉంటుంది. వీధి చివరినుండి వినబడవలెనని కంపెనీ సైలెన్సరు తీసి పెద్ద మోత చేసే గొట్టం తగిలించుకొనే యువకుడు, తనకు తెలియకుండానే ఆ కన్వర్టరును కూడా అటక ఎక్కిస్తున్నాడు. పట్టణాలలో పోలీసులు అటువంటి గొట్టాలను పట్టి రోడ్డు రోలరు కింద నలిపించడం పత్రికలలో చూస్తున్నాము. రోలరు శబ్దాన్ని దండిస్తున్నది, పొగ మాట ఎవరూ ఎత్తడం లేదు. ఆసుపత్రి ముందు, పరీక్షల రోజులలో కళాశాల ముందు, నమాజు వేళ మసీదు ముందు ఆ మోతతో పోయే యువకుని చూసి ఆకర్షితులయ్యేవారెవరో మాకు ఇంతవరకు కనబడలేదు.

కన్వర్టరు పట్ల మాకు గుడ్డి భక్తి లేదు. చల్లని ఇంజను నడవడం మొదలుపెట్టిన ఒకటి రెండు నిమిషాలు అది నిద్రలోనే ఉంటుంది, ఆ కొద్దిసేపట్లోనే విషం ఎక్కువగా వెలువడుతుంది. అప్పుడప్పుడు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన వస్తుంది. విషవాయువులను మార్చినా భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడును అది తగ్గించదు. దాని లోహాల కొరకు దక్షిణాఫ్రికాలోను, రష్యాలోను భూమిని లోతుగా తవ్వుతున్నారు. అన్నిటికంటె మనకు దగ్గరి విషయం మరొకటి ఉన్నది. కన్వర్టరు లోపలి వేడి నాలుగువందల నుండి ఎనిమిదివందల డిగ్రీల దాకా ఉంటుంది. అందుకే దాని కింద రేకు కవచం బిగిస్తారు. ఆ రేకు వదులై చప్పుడు చేస్తే బిగించడానికి బదులు పీకి పారవేసే అలవాటు కొందరికి ఉన్నది. నల్లమల అంచున, ఫిబ్రవరి నుండి మే దాకా బోద ఎండి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్లు ఉండే చోట, అటువంటి కారును ఎండుగడ్డి మీదికి ఎక్కించి నిలిపితే కార్చిచ్చు లేవవచ్చును. అమ్రాబాదు పులుల అభయారణ్యంలో ప్రతి వేసవిలోను అటవీ సిబ్బంది మంటలతో పోరాడుతూనే ఉన్నారు. కన్వర్టరును తీయడం దీనికి పరిష్కారం కాదు. రేకును బిగించుకొనడం, గడ్డి లేని నేల చూసి బండి నిలపడం పరిష్కారం.

2028లో మరల కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. సోమశిలకు వచ్చే వాహనాలను పంటపొలాలలోను, బీళ్లలోను నిలుపక తప్పదు. ఆ బీళ్లలోని గడ్డిని ముందుగానే కోయించడం, వాహనాలను రేవుకు దూరంగానే ఆపి యాత్రికులను నడిపించడం లేదా బస్సులలో చేరవేయడం, నిలిచిన వాహనాల ఇంజన్లు ఆపించడం జిల్లా అధికారులు ఇప్పటినుండే ఆలోచించవలసిన పనులు. పుష్కరాలకు ముందు కొల్లాపురంలో కొన్ని దినాలు వాహనాల పొగను ఉచితంగా, సర్టిఫికెట్టుతో నిమిత్తం లేకుండా పరీక్షించి యజమానికి ఉన్నదున్నట్లు చెప్పే ఏర్పాటు చేస్తే, ఆ యంత్రం దగ్గర నిలబడి పనిచేయడానికి షెడ్లలో పని నేర్చిన మా విద్యార్థులు ముందుకు వస్తారని నమ్ముతున్నాము.